హోమ్‌లో పిల్ల చేరిన మొదటి వారంలో ఏం అడగాలి? (రాయగడ, గజపతి, కొరాపుట్, గంజాం వైపు వాళ్లు చెప్పండి)

రాయగడ_సుజాత
అందరికీ నమస్తే. ఒడిశా దక్షిణం వైపు ఒక జిల్లాలో ఆడపిల్లల హోమ్‌కి కాంట్రాక్టు మీద కౌన్సిలర్‌గా కొత్తగా చేరాను, ఊరు పేరు చెప్పను, ఎందుకో మీకు తెలుసు. సీడబ్ల్యూసీ (జిల్లా పిల్లల సంక్షేమ కమిటీ) ఆర్డర్ మీద పిల్ల వస్తుంది, రాగానే మేం నింపే కాగితంలో ఎత్తు, బరువు, బ్లడ్ గ్రూప్, ఆధార్ ఉందా, కులం సర్టిఫికెట్ ఉందా, పుట్టుమచ్చలు ఎక్కడున్నాయి... పుట్టుమచ్చలకి రెండు లైన్లు ఇచ్చారు! ఇంతకు ముందు ఎవరి దగ్గర ఉంది, ఎవరు పనికి తీసుకెళ్లారు, ఫోన్ ఎవరు కొనిచ్చారు, ఎవరికైనా డబ్బు బాకీ ఉన్నానని అనుకుంటోందా, ఎవరి పేరెత్తితే మాట మార్చేస్తోంది, వీటికి ఒక్క గడి కూడా లేదు.

ఈ పిల్లల్ని ఎవరో ఆశ పెట్టి వాడుకుంటున్నారని మనకి ఎప్పుడు తెలుస్తోందంటే, పిల్ల గోడ దూకి పోయాక, లేకపోతే ఇంకా ఘోరం జరిగాక. ముందే పసిగట్టడానికి ఒక చిన్న స్క్రీనింగ్ పెడదామని అడిగాను, మా సూపరింటెండెంట్ మేడమ్ అవన్నీ పోలీసోళ్ల పని అన్నారు. మీ వైపు ఎవరైనా ఇలాంటిది చేస్తున్నారా? ఏం అడుగుతారు, ఎవరు అడుగుతారు, ఎప్పుడు?

బరంపురం_లాయర్
మేడమ్ గారు పోలీసోళ్ల పని అన్నారంటే చట్టం చదవలేదన్నమాట. జేజే యాక్ట్ 2015 (జువెనైల్ జస్టిస్ చట్టం) ప్రకారం దొరికిన పిల్లని ప్రయాణం టైమ్ తీసేసి 24 గంటల్లో సీడబ్ల్యూసీ ముందు పెట్టాలి. ఆ తర్వాత 15 రోజుల్లో సోషల్ ఇన్వెస్టిగేషన్ పూర్తవ్వాలి, దాన్ని బట్టి 4 నెలల్లో కమిటీ ఫైనల్ ఆర్డర్ ఇవ్వాలి. ఆ 15 రోజులే మీ స్క్రీనింగ్‌కి చోటు, కొత్తగా ఎవర్నీ పర్మిషన్ అడగక్కర్లేదు. కానీ జరుగుతున్నదేటంటే సర్పంచ్‌కి ఒక ఫోను, అంగన్‌వాడీ టీచరుకి ఒక ఫోను, రిపోర్టు అయిపోయింది.

ఇంకోటి, పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, సెక్షన్ 19. అనుమానం వచ్చిన ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, సంస్థ నడిపేవాళ్లు తమ కింద స్టాఫ్ చేసింది దాస్తే ఏడాది వరకు. ఈ ఏడాది జైలు సంగతి మీ మేడమ్‌కి మెల్లగా చెప్పి చూడండి.

సందేహాల_రావు
నాకో డౌటు. హోమ్‌కి వచ్చిన ప్రతి పిల్లనీ "నిన్నెవరైనా వాడుకున్నారా" అని అడగడమేటండి, అమ్మానాన్న లేక ఏడుస్తూ వచ్చినోళ్లు వాళ్లు. పైగా మన సైడు ఒకసారి ఫైల్లో "అనుమానం" అని రాశారంటే అది పద్దెనిమిదేళ్లు నిండేదాకా పోదు. స్కూల్లో తెలుస్తాది, వార్డెన్‌కి తెలుస్తాది, వంటామెకి తెలుస్తాది. ఆ ముద్ర ఎవడు చెరుపుతాడు?

జయపురం_సిస్టర్
రావు గారు అన్నదాంట్లో నిజముంది, కానీ అలా అడగమని ఎవరూ అన్లేదు కదండీ.

నేను స్కూలు పిల్లల హెల్త్ టీంలో తిరుగుతాను, అదే ఆర్‌బీఎస్‌కే, 2013లో మొదలైంది, పుట్టుకతో వచ్చే లోపాలు, పోషకాహార లోపం, జబ్బులు, ఎదుగుదల లోపాలు, ఈ నాలుగూ చూస్తాం. బడికి ఏడాదికి ఒకసారి వెళ్తాం. పళ్లు చూస్తాం, కళ్లు చూస్తాం, తల్లో చూస్తాం, గజ్జి ఉంటే మందిస్తాం. ఒక్కో పిల్లకి దొరికేది కొన్ని నిమిషాలే, వెనకాల లైన్లో మిగతా పిల్లలందరూ నిలబడి వింటుంటారు, పక్కనే మేట్రన్. ఆ లైన్లో ఏ పిల్ల ఏం చెప్తుంది చెప్పండి.

కానీ మాటలు లేకుండానే తెలిసేవి కొన్ని ఉంటాయి. పాత కాలిన మచ్చ, దాని గురించి అడిగితే పక్కనున్న పెద్దోళ్లే జవాబిస్తారు, పిల్ల నోరు తెరవదు. నెలసరి తేదీలు గుర్తుపెట్టుకోవడం రానంత చిన్న పిల్ల, గర్భం రాకుండా వేసుకునే మాత్ర పేరు మాత్రం తెలుసు. చేతికి కొత్త వాచీ, ఎవరిచ్చారంటే నవ్వు. ఇందులో ఏ ఒక్కటీ రుజువు కాదు. రెండు మూడు ఒకే పిల్ల దగ్గర కనబడితే అప్పుడు ఆగి, పక్క గదిలో, ఒంటరిగా, టైమ్ తీసుకుని మాట్లాడాలి. స్క్రీనింగ్ అంటే నాకు తెలిసి ఇదే.

హ్యూస్టన్_బరంపురమమ్మాయి
నాది బరంపురమే, ఇప్పుడు టెక్సస్‌లో సోషల్ వర్క్ చేస్తున్నాను. ఇక్కడి సంగతి చెప్తాను, మనకి పనికొస్తే తీసుకోండి. 2014లో అమెరికాలో ఒక చట్టం వచ్చింది, ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లల్లో ఎవరు ట్రాఫికింగ్‌కి గురయ్యారో, ఎవరికి ఆ ప్రమాదం ఉందో గుర్తించి రాయాల్సిన బాధ్యత రాష్ట్రాల ఏజెన్సీల మీద పెట్టారు. పిల్ల కనబడకుండా పోతే 24 గంటల్లో పోలీసులకి చెప్పాలి. ఇక్కడ వాడే స్క్రీనింగ్ ఫారం ఒకటి కాలిఫోర్నియాలో ఓక్‌లాండ్‌లో ఒక పిల్లల క్లినిక్ తయారుచేసింది, సీఎస్ఈ-ఐటీ అంటారు. అందులో నాకు నచ్చింది ఏంటంటే అది పిల్లని కూర్చోబెట్టి అడిగే ప్రశ్నల లిస్టు కాదు. కేస్‌వర్కర్ తనకి అప్పటికే తెలిసినవి, చూసినవి, ఫైల్లో ఉన్నవి పెట్టుకుని తను నింపుకుంటుంది, చివర్లో ఆందోళన లేదు, ఉండొచ్చు, కచ్చితంగా ఉంది అని మూడు మెట్లలో తేలుతుంది. అంటే రావు గారి భయం సగం తీరినట్టే, పిల్లని అడగకుండానే చాలావరకు నింపొచ్చు.

ఇంగ్లండ్‌లో ఇంకోటి ఉంది, పారిపోయి తిరిగొచ్చిన పిల్లతో 72 గంటల్లో ఒకరు మాట్లాడాలి, ఆ మనిషి హోమ్ స్టాఫ్ అయ్యుండకూడదు.

సందేహాల_రావు
అమ్మా అక్కడ కేస్‌వర్కర్ అని ఒకరుంటారు. ఇక్కడ సుజాత గారు కౌన్సిలర్, క్లర్కు, జిరాక్స్ మిషను, బడికి దింపే ఆయమ్మ రాకపోతే ఆయమ్మ కూడా. ఫారం ఎవరు నింపుతారు?

రాయగడ_సుజాత
జిరాక్స్ మిషన్ పాడైపోయిందండి, ఇప్పుడు ఆ పని కూడా నాదే 😅 చేత్తో రాస్తున్నాను.

పర్లాకిమిడి_మాస్టారు
అమ్మా సుజాతా, నేను రిటైరైన హైస్కూలు మాస్టార్ని. నీ ఫారం ఎంత బాగా రాసినా ఒక్కచోట దెబ్బ తింటుంది, భాష దగ్గర. మా గజపతి జిల్లా కొండ మీద నుంచి వచ్చే పిల్లలు సవరలు, ఇంట్లో మాట్లాడేది సవర భాషే. కమిటీ కూర్చునేది ఒడియాలో. టౌన్లో మనవాళ్లు మాట్లాడేది తెలుగు. ఒకసారి నేను కళ్లారా చూశాను, ఏ ఊరో అడగకండి, ఒక పిల్లని కూర్చోబెట్టి అడుగుతుంటే పిల్ల సవరలో చెప్తోంది, పక్కనున్న ఒకతను ఒడియాలోకి తిప్పి చెప్తున్నాడు. పిల్ల చాలాసేపు మాట్లాడితే అతను ఒక్క ముక్కలో "చదువుకోవాలని ఉందట సార్" అనేస్తున్నాడు. ఎవరు బాబూ నువ్వు అని అడిగితే, పిల్లని ఊరి నుంచి తీసుకొచ్చింది అతనే! పనికి పంపించబోయింది అతనే అని తర్వాత బయటపడింది.

పిల్లని తీసుకొచ్చినోడే దుబాసీ అయితే ఇక నువ్వు ఎన్ని ప్రశ్నలు రాసుకున్నా ఒకటే.

బరంపురం_లాయర్
మాస్టారూ మంచి మాట ఎత్తారు. పోక్సో రూల్స్ 2020లో ఉంది, ప్రతి జిల్లాలో డీసీపీయూ (జిల్లా బాలల రక్షణ విభాగం) దగ్గర దుబాసీలు, అనువాదకులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు, సపోర్టు పర్సన్ల పేర్లతో ఒక రిజిస్టర్ పెట్టాలి. సుజాత గారూ, రాతపూర్వకంగా లెటర్ పెట్టి మీ జిల్లా రిజిస్టర్లో సవర, కువి, కోయ, దేశియా వచ్చినోళ్ల పేర్లు అడగండి. పేరు లేకపోతే లేదని రాతలో ఇమ్మనండి, ఆ లెటర్ కూడా పనికొస్తాది.

వయసు సంగతి కూడా చూసుకోండి. పంపేవాడు ముందే నేర్పి పెడతాడు, ఎవరడిగినా పంతొమ్మిది అని చెప్పు అని. ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉందంటే అది ఎవరో వేసిన తేదీ అని అర్థం చేసుకోండి. వయసుకి ముందు చూడాల్సింది బడి సర్టిఫికెట్, లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్, రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష, అది జేజే యాక్ట్ సెక్షన్ 94. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు కూడా అంది.

సిరొంచ_రాజన్న
మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, మహారాష్ట్ర. మీ ముచ్చట సదువుతుంటే అచ్చం మా కథే అనిపిస్తున్నది. మా దిక్కు గోండి, మాడియా పోరగాళ్లు, ఆఫీసుల మరాఠీ, బజార్ల తెలుగు. మిర్చి ఏరే సీజన్ వస్తే గుంపులు గుంపులు గోదావరి దాటి తెలంగాణకు పోతరు, బడికి పోయే ఆడపిల్లలు గూడ పోతరు. అందరు తప్పు చేసెటోళ్లని కాదు, కూలికి పోతరు, పైసలు తెచ్చుకుంటరు. గని ఆ గుంపుల ఒక్కడు అసుంటోడు ఉంటే సాలు. ఏ పోరి తల్లిదండ్రి లేకుంట వచ్చింది, ఏ పోరికి ఇంటికి పోవుడు ఇష్టం లేదు, వానికి మనకన్న ముందు ఎరుకైతది. అంటే వాడు సేస్తున్నది స్క్రీనింగే, మనమే సేస్తలేం.

తెలంగాణ పోలీసులు జనవరిల ఆపరేషన్ స్మైల్, జులైల ముస్కాన్ అని పిల్లల్ని పట్టుకుంటరు, హోమ్‌ల ఏస్తరు, సొంత జిల్లాకు పంపుతరు. పంపినంక ఎవ్వడు అడగడు. మళ్ల మిర్చి సీజన్‌కు అదే పోరి అదే ట్రాక్టర్ల.

గుణుపురం_తమ్ముడు
నేను హోమ్‌లో పెరిగినోణ్ణి. పద్దెనిమిది నిండాక బయటకొచ్చా, ఇప్పుడు మొబైల్ షాపులో పని. మామూలుగా ఇలాంటి టాపిక్‌లో రాయను.

మొదటి రోజు ఎవరడిగినా ఎవడూ చెప్పడు. మొదటి రోజు మాకు కావాల్సింది రెండే, ఎక్కడ పడుకోవాలి, రాత్రి బాత్రూమ్‌కి వెళ్లాలంటే ఎవర్ని లేపాలి. అది చెప్పినోళ్లు మనోళ్లు అనిపిస్తారు. మొదటి రోజు అడగాల్సింది ఒక్కటే, నీకోసం ఎవరైనా ఇక్కడికి వస్తారా, వస్తే నీకు ఇష్టమేనా. అంతే.

మీరందరూ చేరిన వారం గురించే మాట్లాడుతున్నారు. మా హోమ్‌లో ఏం జరిగినా సెలవుల్లోనే జరిగింది. దసరాకి, ఎండాకాలానికి ఎవరో వచ్చి గేట్ పాస్ రాయించుకుని తీసుకెళ్తారు, రిజిస్టర్‌లో "మామయ్య" అని రాస్తారు. తిరిగొచ్చాక ఆ పిల్లాడు వేరే మనిషి. ఎవరూ ఏమీ అడగరు, బట్టలు మడిచి పెట్టావా, రికార్డు రాశావా, ఇవే.

వంటామెని అడగండక్కా. మా వంటామెకి అన్నీ తెలుసు. ఆదివారం విజిటర్స్ వచ్చే రోజు ఎవరు అన్నం వదిలేస్తున్నారో ఆమెకే తెలుసు. ఆమెని మాత్రం ఏ మీటింగ్‌కీ పిలిచేవాళ్లు కాదు.

జయపురం_సిస్టర్
తమ్ముడూ, నువ్వు రాసినందుకు థాంక్స్. ఈ మొత్తం చర్చలో పనికొచ్చే పోస్టు ఇది.

రాయగడ_సుజాత
తమ్ముడు చెప్పాక ఈ రోజు పాత విజిటర్స్ రిజిస్టర్లు తీసి కూర్చున్నాను. మూడు పేర్లు, ముగ్గురు వేరే వేరే పిల్లలు, వేరే వేరే బ్లాకుల ఊళ్లు. ఒకరికి మామయ్య, ఒకరికి బావ, ఒకరికి పెదనాన్న కొడుకు. ఫోన్ నంబర్ మాత్రం ముగ్గురికీ ఒకటే. సంతకాలు మూడూ మూడు పేర్లతో ఉన్నాయి కానీ ఆఖర్న సాగదీసిన గీత ఒకే తీరుగా ఉంది. ఒంట్లో వణుకు ఆగట్లేదు నిజంగా.

ఇందులో ఒక పిల్ల పోయిన సెలవుల తర్వాత తిరిగి రాలేదు, "బంధువుల ఇంట్లో ఉంది" అని ఫైల్ మూసేశారు.

కొత్తగా_చేరా
సుజాత గారూ ఆ హోమ్ [మోడరేటర్ తొలగించారు] లోదేనా? ఆ పిల్లది [మోడరేటర్ తొలగించారు] ఊరు కదా, మా చుట్టాల ఊరు పక్కనే, పేరు కూడా తెలుసు

మోడరేటర్
పై పోస్టులో హోమ్ పేరు, ఊరు తీసేశాను. పిల్లల వివరాలు బయటపెట్టడం జేజే యాక్ట్ సెక్షన్ 74 కింద, పోక్సో సెక్షన్ 23 కింద నేరం. మంచి మనసుతో రాసినా నేరమే. పేరు రాయకుండా "ఫలానా గుడి దగ్గర ఉన్న" అని గుర్తుపట్టేలా రాసినా తీసేస్తాను. సుజాత గారూ, మీరు కూడా ఇంకా వివరాలు ఇక్కడ రాయకండి, లాయర్ గారితో పర్సనల్‌గా మాట్లాడుకోండి.

బరంపురం_లాయర్
మెసేజ్ పెట్టాను చూడండి. అందరికీ పనికొచ్చే ముక్క మాత్రం ఇక్కడ చెప్తా.

రిజిస్టర్ ఒరిజినల్ కదపొద్దు, ఫోటోలు తీసుకుని ఎప్పుడు చూశారో రాసి పెట్టుకోండి. ఆ నంబర్‌కి మీరు ఫోన్ చెయ్యొద్దు, వాడు జాగ్రత్త పడిపోతాడు. ఇప్పుడు ఉన్న ఇద్దరు పిల్లల్నీ పిలిచి గుచ్చి గుచ్చి అడగొద్దు, ఒకసారి మీకు, ఒకసారి మేడమ్‌కి, ఒకసారి పోలీసులకి, ఒకసారి డాక్టర్‌కి చెప్పించారంటే కోర్టులో నాలుగు రకాలుగా వస్తుంది, పిల్ల కూడా నలిగిపోతుంది. డీసీపీఓకి (జిల్లా బాలల రక్షణ అధికారి), సీడబ్ల్యూసీ చైర్‌పర్సన్‌కి ఇద్దరికీ ఒకే లెటర్, రిసీవ్డ్ స్టాంపు. తిరిగిరాని పిల్ల విషయం ఆగేది కాదు, ఇవాళే మిస్సింగ్ కంప్లైంట్. కేసు అయితే స్టేట్‌మెంట్ పిల్ల ఉన్న చోట లేదా పిల్ల కోరిన చోట తీసుకోవాలి, వీలైనంతవరకు ఎస్సై ర్యాంకుకి తగ్గని మహిళా ఆఫీసరు రావాలి, యూనిఫాంలో రాకూడదు. ఆడపిల్లని పరీక్ష చెయ్యాల్సింది లేడీ డాక్టరే.

సందేహాల_రావు
ఒక మాట చెప్తే తిట్టుకోకండి. మూడు ఊళ్లకీ తిరిగే వార్డు మెంబరో, చర్చి పెద్దో, ముగ్గురినీ చూడ్డానికి వస్తూ చుట్టం అని రాస్తే తప్ప లోపలికి రానివ్వరని అలా రాసుండొచ్చు కదా. కాకపోవచ్చు కూడా. కానీ ఇక్కడే వాణ్ణి దొంగని చేసేస్తే ఎలా.

రాయగడ_సుజాత
రావు గారూ మీరన్నది అయ్యుండొచ్చు, అయితే ఇంకా మంచిది. కానీ అది తేలాల్సింది వాడు పిల్లని తీసుకెళ్లక ముందు కదా, తీసుకెళ్లాక కాదు. లెటర్ ఇచ్చేశాను, స్టాంపు వేయించుకున్నాను. మిస్సింగ్ కంప్లైంట్ కూడా అయింది. మేడమ్ ఈ రోజు నాతో మాట్లాడలేదు.

హ్యూస్టన్_బరంపురమమ్మాయి
సుజాతా జాగ్రత్త. నువ్వు ఒక్కదానివే మోయకు, సంతకం ఇంకొకరిది కూడా ఉండేలా చూసుకో.

పర్లాకిమిడి_మాస్టారు
ముజఫర్‌పూర్ గుర్తొస్తోంది. బీహార్‌లో ఆడపిల్లల మీద అత్యాచారాలు జరిగిన ఆ హోమ్‌కి ఇన్‌స్పెక్షన్లు లేవా, ఉన్నాయి. టిస్ (ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ) వాళ్లు సోషల్ ఆడిట్‌కి వచ్చి పిల్లలతో మాట్లాడాకే 2018లో అది వెలుగులోకి వచ్చింది. 2020లో ఢిల్లీ కోర్టు పందొమ్మిది మందిని దోషులుగా తేల్చింది. మనకి చట్టం ప్రకారం జిల్లా ఇన్‌స్పెక్షన్ టీం మూడు నెలలకొకసారి రావాలి, అందులో ఒక మహిళ, ఒక మెడికల్ ఆఫీసరు ఉండాలి. వస్తారు, సంతకం పెడతారు, ఆ రోజు పిల్లలకి గుడ్డు పెడతారు.

హోమ్‌లో పిల్లల సలహాల పెట్టె ఉండాలని రూల్సులో ఉంది, ఆఫీసుకి దూరంగా, పిల్లలు ఉండే వైపు. తాళం చెవి సూపరింటెండెంట్ దగ్గర ఉండకూడదు, వారానికొకసారి పిల్లల కమిటీ ముందు తెరవాలి. మీ దగ్గర తాళం ఎవరి దగ్గరుందో చూడమ్మా.

రాయగడ_సుజాత
మేడమ్ తాళాల గుత్తిలో ఉంది మాస్టారూ. పెట్టె ఆఫీసు తలుపు పక్కనే ఉంది. చదవడం రాయడం రాని పిల్లలు సగం మంది, వాళ్లు ఏం రాసి వేస్తారు అది వేరే సంగతి.

సిరొంచ_రాజన్న
రాయరానోళ్లకు బొమ్మలు పెట్టున్రి. మా తాన ఒక మేడం మొకాల బొమ్మలు పెట్టింది, నవ్వు మొకం, ఏడుపు మొకం, భయం మొకం, వారం వారం ఒక బొమ్మ డబ్బాల ఏస్తరు. పేరు రాసుడు లేదు. భయం బొమ్మలు ఎక్కువైన వారం ఎవరొచ్చి పోయిండ్రో రిజిస్టర్ల సూస్తది. మస్తు తెలివి.

గుణుపురం_తమ్ముడు
ఇది బాగుందన్నా. కానీ డబ్బా పెట్టే చోట సీసీ కెమెరా ఉండకూడదు, మేం అదే మొదట చూస్తాం.

రాయగడ_సుజాత
అందరి మాటలు కలిపి ఇలా రాసుకున్నాను, తప్పులుంటే చెప్పండి. మొదటి రాత్రి తమ్ముడు చెప్పినవే, పడుకునే చోటు, రాత్రి ఎవర్ని లేపాలి, నీకోసం ఎవరు వస్తారు, వస్తే ఇష్టమేనా. దెబ్బలుంటే వెంటనే ఆసుపత్రి. తర్వాత రెండు వారాల్లో నేను చూసినవి, సిస్టర్ చూసినవి, వంటామె చూసినవి ఒకే కాగితం మీద, అది విడి కవర్‌లో ఉంటుంది, మామూలు ఫైల్లో కాదు, రావు గారి కోసం. పిల్ల మాట తెలిసిన మనిషి డీసీపీయూ రిజిస్టర్ నుంచే, పిల్లతో వచ్చినోళ్లు గదిలో ఉండకూడదు. ప్రతి సెలవు తర్వాతా, ఎప్పుడు తప్పిపోయి తిరిగొచ్చినా, మళ్లీ అదే మొదటి నుంచి. గేట్ పాస్ అడిగినోళ్ల ఐడీ కాపీ, ఆ ఊరి అంగన్‌వాడీ టీచరుతో ఫోన్‌లో ఒకసారి సరిచూసుకోవడం, ఆ నంబర్ ఇంకో పిల్ల పేరు మీద ఉందేమో వెనక్కి తిప్పి చూడటం.

జయపురం_సిస్టర్
ఇంటికి పంపినా సరే ఆర్థికంగా పట్టు లేకపోతే మళ్లీ సర్దారు (కూలీల్ని తీసుకెళ్లే ఏజెంటు) చేతికే పోతుంది. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకంలో స్పాన్సర్‌షిప్ నెలకి 4000 రూపాయలు ఉంది, అర్హత ఉన్న పిల్లలకి స్క్రీనింగ్‌తో పాటే దరఖాస్తు కూడా పెట్టించండి. అది లేకుండా ప్రమాదం ఉందని రాసి ఇంటికి పంపేస్తే మనం చేసిందేముంది.

సందేహాల_రావు
విడి కవర్ మాట బాగుంది. తాళం?

రాయగడ_సుజాత
బీరువా తాళం ఒకటి నా దగ్గర, ఒకటి డీసీపీయూ లీగల్ ఆఫీసర్ దగ్గర పెట్టమని లెటర్లో అడిగాను. సోమవారం కమిటీ సిట్టింగ్ ఉంది, నన్ను రమ్మన్నారు. రిజిస్టర్లు తీసుకురమ్మన్నారు. సవర వచ్చిన మనిషి ఇంకా దొరకలేదు, మాస్టారూ మీ పాత స్టూడెంట్లలో ఆడవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, టీచరైతే మరీ మంచిది.

పర్లాకిమిడి_మాస్టారు
ఇద్దరున్నారు. ఒకరు గుమ్మ వైపు ప్రైమరీ స్కూల్లో చేస్తోంది, అడిగి చెప్తాను. రానుపోను బస్సు ఛార్జీ ఎవరిస్తారో అది ముందు తేల్చుకోమ్మా, పోయినసారి పిలిచినప్పుడు తన జేబులోంచే పెట్టుకుంది.

బరంపురం_లాయర్
దుబాసీకి ఫీజు ఇవ్వాలని చట్టంలోనే ఉంది మాస్టారూ. బిల్లు నాకు పంపమనండి, నేను దరఖాస్తు రాసిస్తా.